అడ్డకర్ర చూస్తే ఆగని బాద్‌షా

1998 జూన్‌లో శామీర్‌పేట దగ్గర ఒక ప్రైవేటు స్వారీ పాఠశాలలో శిక్షకుడిగా చేరాను. అంతకుముందు సైన్యంలో గుర్రపు దళంలో పనిచేసి దఫేదారుగా పదవీ విరమణ చేశాను. అది హవల్దారుతో సమానమైన హోదా. కౌకూర్‌లోని ఇంటి నుంచి రోజూ స్కూటర్ మీద వెళ్లేవాణ్ణి. చేరగానే నాకు అప్పగించిన గుర్రం బాద్‌షా.

పందేల నుంచి వచ్చిన గుర్రం అది. మైదానంలో బుద్ధిగానే తిరిగేది. దూకాల్సిన అడ్డకర్ర కనబడితే మాత్రం తల పైకెత్తి, కళ్లాన్ని పళ్ల మధ్య బిగించి, పరుగు లంకించుకునేది. దాని యజమాని ప్రసాదరావు గారు గుంటూరు వైపు నుంచి వచ్చి అల్వాల్‌లో స్థిరపడ్డ ఇంజనీరు. డిగ్రీ చదువుతున్న ఆయన కూతురు సంధ్య, నేను రాకముందే దాని మీంచి పడి భుజం ఎముక విరగ్గొట్టుకుంది. ఎముక అతికింది. మళ్లీ ఎక్కుతానని ఆమె, వద్దని తండ్రి.

"వానలు తగ్గేదాకా చూస్తాను మాస్టారూ. అప్పటికీ దారికి రాకపోతే పెళ్లి ఊరేగింపుల వాళ్లకి ఇచ్చేస్తాను," అన్నారాయన.

గుర్రం ఆలనాపాలనా చూసే సైసు యాదగిరిది రావల్కోల్. ప్రసాదరావు గారు అటు వెళ్లగానే నా దగ్గరికొచ్చాడు. "గా బ్యాండు సప్పుడుకు, పటాకులకు ఇది ఆగుతదా సార్? జనంల ఉరికితే ఎవలనన్న తొక్కుతది." నా భయమూ అదే.

మొదట పశువైద్యుడి చేత వెన్ను, పళ్లు, కాళ్లు చూపించాను. నొప్పి ఎక్కడా లేదన్నారు. అయితే భయమేనన్న మాట. దూకడం నేర్పినవాళ్లు ప్రతి కర్ర ముందూ పగ్గాలు గుంజుతూ మడమలతో పొడిచేవారట. కర్ర వస్తే నోరు నొప్పెడుతుందని అది నేర్చుకుంది.

అందుకని ఎత్తు తీసేసి కర్రల్ని నేల మీద పరిచాను. వాటి మీంచి ముందు నడక, కుదురుకున్నాక దుల్కీ, అంటే రెండు దెబ్బల లయలో సాగే మధ్యరకం పరుగు. తొందరపడితే పగ్గాలు లాగకుండా పక్కకు మళ్లించి గుండ్రంగా తిప్పేవాణ్ణి. ఊపిరి నెమ్మదించాకే మళ్లీ కర్రల వైపు. తర్వాత చివరి కర్రను కొద్దిగా లేపాను. దూకిన ప్రతిసారీ నేరుగా ఆపి, మెడ నిమిరి, పగ్గాలు వదులు చేసేవాణ్ణి. వానాకాలమంతా ఇదే పని.

వానాకాలం చివర్లో ప్రసాదరావు గారిని ఒప్పించాను. సంధ్య ఎక్కేసరికి వ్యవహారం మొదటికొచ్చింది. కర్ర దగ్గరికి రాగానే ఆమె ఊపిరి బిగబట్టేది, చేతులు బిగిసేవి.

"బిడ్డా, నీ భయం పగ్గాలల్లకెళ్లి దానికి తెలుస్తాంది. మాట్లాడుకుంట రా," అన్నాను.

"ఏం మాట్లాడాలి సార్?"

"పొద్దున ఏం కూర తిన్నవో యాదగిరికి చెప్పు."

ఆ రోజు నుంచి మైదానమంతా బెండకాయ వేపుడు, ముక్కల పులుసు కబుర్లే. మాట్లాడుతుంటే ఊపిరి బిగబట్టడం కుదరదు.

వానలు పూర్తిగా తగ్గాక ప్రసాదరావు గారు వచ్చి కంచె పట్టుకుని నిలబడ్డారు. సంధ్య కబుర్లు చెబుతూనే బయలుదేరింది. కర్ర దగ్గరవుతుండగా బాద్‌షా తలెత్తింది. ఆమె మాట ఆగిపోయింది. అరవబోయి నోరు మూసుకున్నాను. అరిస్తే గుర్రం ఇంకా బెదురుతుంది. ఆమె పగ్గాలు లాగలేదు, పక్కకు తిప్పింది. ఒక చుట్టు, మరో చుట్టు. "యాదగిరీ, ఇవాళ మా ఇంట్లో గోంగూర!" అని ఆమె గొంతు వినబడింది. ఈసారి బాద్‌షా దుల్కీలోనే వచ్చి, దూకి, నాలుగడుగులు వేసి ఆగింది. తల దించి గట్టిగా ముక్కు చీదింది. గుర్రం ఒళ్లు వదులు చేసిందనడానికి అది గుర్తు.

ప్రసాదరావు గారు కంచె వదిలి అక్కడే గట్టు మీద కూలబడ్డారు. "ఉండనివ్వండి మాస్టారూ, ఇక్కడే ఉండనివ్వండి," అన్నారు. యాదగిరి మాత్రం, "మస్తు దుంకింది బిడ్డా!" అంటూ బాద్‌షాకు ఎదురెళ్లాడు.

తర్వాత నా చేతికొచ్చిన తొందర గుర్రాలన్నిటికీ ఇదే వరస పాటించాను. ముందు పశువైద్యుడు, తర్వాత నేల మీద కర్రలు, ఆపైనే ఎత్తు. రౌతు ఊపిరి కుదురుగా లేని రోజు కర్రను నేల మీదే ఉంచాలి.