మంచు ఊరి గురించి ఆమె అడిగిన ప్రశ్నలు

జనవరి పదహారో తేదీ, గురువారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు ఈ సంగతి మొదలైంది. అరబ్బుల ఎడారి దేశంలో, తబూక్ పట్టణానికి వెలుపల ఉన్న ఒక పెద్ద వ్యవసాయ క్షేత్రంలో, వాతావరణ పరికరాలు పెట్టిన చిన్న గదిలో కూర్చుని, ఆ రాత్రి బంగాళాదుంప మళ్ల మీద చలి ఎంత దిగుతుందో చూస్తున్నాను. నా ఉద్యోగం అదే. నీరు గడ్డకట్టే పరిస్థితి కనిపిస్తే నీటిపారుదల విభాగానికి ముందుగా కబురు పంపాలి. ఆ కబురు రాస్తూ ఉండగా నా భార్య ఫోన్ చేసింది. ఆమె పట్టణంలోని ఒక ఆసుపత్రిలో నర్సు. డ్యూటీలో ఉన్నప్పుడు ఆమె ఫోన్ చేయడం ఎప్పుడూ లేదు.

ఫిన్లాండ్ ఉత్తరాన ఉన్న ఒక చిన్న పట్టణం. అక్కడి వృద్ధుల ఆశ్రమంలో ఆమెను తీసుకుంటామని రాశారట. ఏడాదిన్నరగా రాత్రి భోజనాలయ్యాక చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ దేశపు భాష నేర్చుకుంటున్నదీ, మూడు పరీక్షలు రాసినదీ ఈ మాట కోసమే. భర్తను కూడా వెంట తీసుకురావచ్చునట. జవాబు మాత్రం ఆదివారం లోపల చెప్పాలి.

"పోదామా వద్దా మీరే చెప్పల్ల," అన్నది. "చలి సంగతి నాకేం తెలుసు? మీకే కదా తెలుసు."

నిజమే, ఇంట్లో చలి సంగతి తెలిసినవాడిగా పేరు నాకే ఉంది. నేను పుట్టింది వాన కోసం ఎదురుచూసే జిల్లాలో. ఆకాశంలో నల్లటి మబ్బు కనిపిస్తే మా వాళ్లు పలుగూ పారా పక్కన పెట్టి తల పైకెత్తి నిలబడేవారు. ఆ అలవాటు నాకు చదువుగా మారింది. మా వంశంలో డిగ్రీ పుచ్చుకున్న మొదటివాణ్ణి నేను. కూలిపనిలో కాక కుర్చీలో కూర్చుని జీతం తీసుకున్న మొదటివాణ్ణి కూడా నేనే. చదివిన విషయంలోనే ఉద్యోగం దొరకడం ఎంత అరుదో నాకు తెలుసు. అందువల్ల ఆ పరికరాల గదిలోకి అడుగుపెట్టేటప్పుడు ప్రతి ఉదయం చొక్కా సర్దుకునేవాణ్ణి.

వానా గాలీ దుమ్ము తుఫానూ అంటే మోజు ఉన్న తెలుగువాళ్లం కొందరం ఆ ఎడారి దేశంలో ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. శీతాకాలంలో తబూక్ అవతల లౌజ్ కొండ మీద మంచు కురుస్తుందా లేదా అన్నదే మాకు పండుగ. ఆ గురువారం సాయంత్రం నా సూచన పంపించాను: "రేపటి తెల్లవారుజామున లౌజ్ శిఖర ప్రాంతంలో హిమపాతానికి అవకాశములు మెండుగా ఉన్నవి." నేను వార్తలు చదివినట్టు రాస్తానని వాళ్లంతా ఏడిపిస్తారు. ఆ రోజూ ఏడిపించారు. అది సద్దుమణిగాక మరో ప్రశ్న వేశాను. కారణం చెప్పలేదు. ఏడాదిలో ఆరు నెలలు మంచు ఉండే ఊళ్లో మీరైతే కాపురం ఉంటారా అని అడిగాను.

ఇంత ఉత్సాహంగా ఆ గ్రూపు ఎన్నడూ మాట్లాడలేదు. ధహ్రాన్‌లోని కంపెనీ కాంపౌండ్‌లో ఉండే గోదావరి జిల్లా ఇంజనీరు, "అది డ్రీమ్ అండీ బాబూ! చలేస్తే ఇంకో స్వెటర్ తొడుక్కోవచ్చు, ఇక్కడ జూలైలో ఒంటిమీద చొక్కా కూడా బరువే కదా," అన్నాడు. రాబిగ్‌లో దుకాణం నడిపే కడప సాయిబు దానికి ఒప్పుకోలేదు. "ఎండకు నీడ ఉండాది అన్నా, మంచుకు ఏముండాది?" అని వాయిస్ పంపించాడు. ఒకాయన ఫొటోలకు ఏ కెమెరా మంచిదో వివరించాడు. ఇంకొకాయన తప్పకుండా ఉంటానన్నాడు, కాకపోతే డిసెంబరు నుంచి మార్చి దాకా తనకు సెలవు ఇవ్వాలట. తబూక్‌లోనే వెల్డింగ్ పని చేసే జగిత్యాల పెద్దాయన ఒక్కడే అభిప్రాయం చెప్పలేదు. ఆయన కజకిస్తాన్ చమురు బావుల దగ్గర రెండు చలికాలాలు గడిపి వచ్చిన మనిషి. మేమంతా కాకా అంటాం. "నేను చెప్త గని ఫోన్ల గాదు. మనిషికి మనిషి చెప్పాలె," అన్నాడు. దాంతో మరునాడు కొండకు ఆయన కూడా మాతో రావడం ఖాయమైంది.

రాత్రి ఇంట్లో ఈ అభిప్రాయాలన్నీ నా భార్యకు చదివి వినిపించాను. ఆమె మంచం మీద కాళ్లు ముడుచుకుని వెల్లుల్లి ఒలుస్తోంది. కాళ్లకు రెండు జతల మేజోళ్లు. తబూక్ చలికే ఆమె అట్లా ఉంటుంది. కెమెరా దగ్గరికి వచ్చేసరికి ఆపమని చెయ్యి చూపింది.

"వీళ్లలో ఒక్కరన్నా అక్కడ గుడ్డలు యాడ ఆరేసుకుంటారో చెప్పినారా?"

ఎవరూ చెప్పలేదు. నేను గాలిలో తేమ తక్కువగా ఉంటుందనీ, అందువల్ల గడ్డకట్టిన గుడ్డ కూడా క్రమంగా ఆరుతుందనీ వివరించాను. పెరుగు తోడుకుంటుందా అని అడిగింది. జనవరి నెల సగటు ఉష్ణోగ్రత చెప్పాను. కరివేపాకు మొక్కను కిటికీలో పెడితే బతుకుతుందా అంది. సూర్యుడు ఎంత ఏటవాలుగా పొడుస్తాడో చెప్పాను.

"మీరు చెప్పేదంతా ఆకాశం సంగతే," అన్నది నవ్వుతూ. "నేనడిగేది ఇంటి సంగతి."

తర్వాత కాసేపు వెల్లుల్లి ఒలిచి, తల ఎత్తకుండానే, "సరే, నేను డ్యూటీకి పోతే మీరు పగలంతా ఏం చేస్తారు?" అని అడిగింది.

ఆ ప్రశ్న నాకెంతో ఇష్టమైన విషయంలోకి దారి తీసింది. అక్కడ డిసెంబరులో పగలనేదే దాదాపు ఉండదని చెప్పాను. ఎందుకు ఉండదో చూపించడానికి ఆమె ఒడిలోంచి ఒక వెల్లుల్లి గడ్డ తీసుకుని, దీపం ఆర్పి, ఫోన్ టార్చి వేసి, భూమి ఎట్లా ఒరిగి తిరుగుతుందో చూపించాను. ఆమె చివరిదాకా శ్రద్ధగా చూసింది. "బాగుంది," అన్నది. గడ్డ నా చేతిలోంచి తీసుకుని మళ్లీ ఒలవడం మొదలుపెట్టింది. దీపం వేసి చూస్తే ఆమె ముఖంలో నవ్వు లేదు. అలసిపోయిందనుకున్నాను.

శుక్రవారం తెల్లవారకముందే బయలుదేరాం. బండి హైదరాబాదీ డ్రైవర్ భాయ్‌ది, నా పాత స్నేహితుడు. ముందు సీట్లో కాకా కూర్చున్నాడు, వెనుక మేమిద్దరం. దారిలో కాకా చెప్పిన కజకిస్తాన్ కథలు అంతకు ముందు విన్నవే. కెటిల్‌లోని వేడినీళ్లు గాల్లోకి విసిరితే పిండిలాగా రాలడం, మీసాల మీద గాజు పేరుకోవడం. భాయ్ ప్రతి కథకూ, "కాకా, పోయినసారి మీసం సగమే గడ్డకట్టింది కదా, ఇప్పుడు మొత్తమైంది?" అంటూ వచ్చాడు. కాకా పట్టించుకోలేదు.

"మొదటి దినం పిల్లగాండ్ల లెక్క ఎగిరినం బిడ్డా," అన్నాడు నా భార్య వైపు తిరిగి. "వారానికి మర్సిపోయినం. నెలకు తిట్టుడు షురువైంది."

"మూడో నెలకు ఏం చేసినారు కాకా?" అని ఆమె అడిగింది.

"పనికి పోయిన. గంతే. పని ఉన్నోనికి సలి ఏం జేస్తది? మా రూంల ఒకడుండె, కాలు ఇరిగి పనికి రాకపాయె. పొద్దంత కిటికీ కాడ గూసునేటోడు. ఆఖరికి ఎవ్వనితోని మాట్లాడకపాయె. కాలు మంచిగయినా మనిషి మంచిగ కాలే, ఇంటికి తోలిన్రు. వాన్ని సలి సంపలే, కిటికీ సంపింది."

భాయ్ ఈసారి ఎగతాళి మాని బండిలో హీటర్ పెంచాడు. నా భార్య తన వైపు అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

కొండ దగ్గరపడేకొద్దీ మట్టిరంగు రాళ్ల మీద తెల్లటి మచ్చలు కనిపించాయి. తర్వాత మచ్చలన్నీ కలిసిపోయాయి. అప్పటికే ఎన్నో కుటుంబాలు వచ్చి ఉన్నాయి. గొర్రె ఉన్ని లోపల కుట్టిన పొడవాటి ఫర్వాలు కప్పుకున్న పెద్దలు కట్టెలు రాజేసి అల్లం కలిపిన పాలు కాచుకుంటున్నారు. పట్నం వాళ్లకు చూపించడానికి కుర్రవాళ్లు పారలతో మంచును పికప్ వాహనాల్లోకి ఎత్తుతున్నారు. భాయ్ బండి దిగలేదు. "పాలు ఇక్కడికే పంపించండి సాబ్. మంచును నేను అద్దంలోంచే గౌరవిస్త," అన్నాడు.

నేను సంచిలోంచి ఉష్ణమాపకమూ స్కేలూ తీశాను. అందరూ మంచును చేత్తో ముట్టుకుంటుంటే మీరు గాజుతో ముట్టుకుంటారని నా భార్య నవ్వింది. ఆమె మాత్రం వంగి గుప్పెడు తీసుకుని, వాసన చూసి, నాలుక మీద వేసుకుంది. మరో గుప్పెడు కాకా వీపు మీద విసిరింది. అంత చలికి ముడుచుకునే మనిషి మంచులో అట్లా నడుస్తుందని నేననుకోలేదు. కొంతసేపు తిరిగి, ఒక ముసలావిడ మంట దగ్గర పిలిస్తే వెళ్లి కూర్చుంది. ఆవిడ తన ఫర్వా అంచు తీసి నా భార్య మోకాళ్ల మీద కప్పింది. ఇద్దరికీ ఏ భాష కుదిరిందో తెలియదు, చాలాసేపు మాట్లాడుకున్నారు.

నేను లోతు కొలుస్తూ పైకి పోయాను. మొదట్లో గుండె నిండిపోయింది. ఇన్నేళ్ల సూచనలన్నీ కాళ్ల కింద కరకరలాడుతున్నట్టనిపించింది. కానీ ఒక గంట గడిచేసరికి కొలవడానికి కొత్తగా ఏమీ మిగలలేదు. అక్కడా అంతే లోతు, ఇక్కడా అంతే లోతు. వేళ్లకు స్పర్శ తెలియడం మానేసింది. ఇంటికి పోతే బాగుండుననిపించింది. ఆ కోరిక నాకు కొంత దిగులు కలిగించింది.

ఆమె వచ్చి నా చేతిలోంచి స్కేలు తీసుకుని, మోచెయ్యి పట్టుకుని బండి దాకా నడిపించింది. భాయ్‌ని పాలు తాగి రమ్మని పంపించింది. నేను అరచేతులు రుద్దుకోబోతే ఆపింది. మొద్దుబారిన చేతులను రుద్దకూడదట. వాటిని తన శాలువా లోపలికి తీసుకుని, చంకల కింద పెట్టుకుని, నాకు ఎదురుగా కూర్చుంది.

"రాత్రి నేనడిగింది సూర్యుని గురించి కాదు," అన్నది.

అప్పటికి నాకు అర్థమైంది. "తెలుసు," అన్నాను.

"నాకు డ్యూటీ ఉంటాది. ముసలోళ్లు ఉంటారు, మాటలు ఉంటాయి. మీకు ఈడ ఒక గది ఉండాది, పేరుండాది. ఆడ ఏముండాది? మీకు మంచంటే ప్రాణమని నేను సరే అంటే, ఆ ఇష్టం తీరిపోయినాక ఏం చేస్తారు? నేనొచ్చేసరికి కిటికీ కాడ కూర్చోనుంటే నేను చూడలేను."

వేళ్లలోకి రక్తం తిరిగి వస్తుంటే సూదులతో గుచ్చినట్టుంది. ఏదైనా ధైర్యపు మాట చెప్పవచ్చు. చెప్పాలనిపించలేదు. మంచు రావడమే నాకిష్టమనీ, అది వచ్చి ఉండిపోతే ఏం చేయాలో నాకు తెలియదనీ ఆ ఉదయమే తెలిసింది. ఆ మాటే చెప్పాను. నా చదువుకు తగిన ఉద్యోగం అక్కడ దొరకదనీ, ఈ గదిని వదలాలంటే నాకు కష్టంగానే ఉందనీ కూడా దాచలేదు.

"మంచు కోసమైతే నేను రాను," అన్నాను. "నీతో ఉండటానికి వస్తాను. నువ్వు నేర్చుకున్న భాషే నేనూ నేర్చుకుంటాను. ఏ పని దొరికితే అది చేస్తాను. గిన్నెలు కడిగే పనైనా సరే."

"డిగ్రీ చదివినోడు గిన్నెలు కడుగుతాడా?"

"ఇంట్లో కడగడం లేదా?"

"ఇంట్లో సరిగా కడగరు."

నవ్వబోయి ఆగిపోయింది. నా చేతులు బయటికి తీసి ఒక్కొక్క వేలినీ వెలుతురులో పెట్టి రంగు చూసింది, ఆసుపత్రిలో రోగి వేళ్లు చూసినట్టే. చివరి వేలు చూశాక మళ్లీ శాలువాలో పెట్టుకుంది.

"అట్లయితే పోదాం," అన్నది.

కాసేపటికి కాకా, భాయ్ పాలగ్లాసులతో వచ్చారు. మేం అట్లా కూర్చుని ఉండటం చూసి భాయ్ వెనక్కి తిరగబోయాడు. ఆమే పిలిచి, ఇంత చలిలో బయట నిలబడి ఏం గౌరవిస్తారు, ఎక్కండి అన్నది.

ఆదివారం ఉదయం డ్యూటీకి వెళ్లే ముందు ఆమె సరేనని జవాబు పంపింది. మే నెలలో ఉద్యోగాలు మానుకుని, దేశం వదిలి వెళ్లడానికి ఇచ్చే ఫైనల్ ఎగ్జిట్ తీసుకుని తబూక్ వదిలాం. పరికరాల గదిలో ఇప్పుడు వేరొకరు పనిచేస్తున్నారు. మేము ఈ పట్టణానికి వచ్చాక ఒక చలికాలం గడిచింది. ఆమె ఆశ్రమంలో పూర్తికాలపు నర్సు. నేను ఉదయం పూట ఒక పాఠశాల వంటగదిలో పనిచేస్తున్నాను, మధ్యాహ్నం భాషా తరగతికి వెళ్తున్నాను.