నల్లనీళ్ల బుచ్చయ్యన్న

మెరిసేది కనపడితే మా బుచ్చయ్యన్న చెయ్యి ఊరుకోదు, నలుపు పూయాల్సిందే. సూర్యాపేటల మా పక్కింట్లనే తుపాకులు బాగుచేసేటోడు. ఇత్తడికి, ఇనుముకు మందునీళ్లు రుద్ది నల్లరంగు ఎక్కిచ్చుడు ఆయన పని. ఆ గంధకం కాగుతుంటే వాడంత కుళ్లిన గుడ్ల వాసన! పని అయిపోయినా చేతిల కుంచె దిగకపోయేది. సైకిల్ బెల్లు నలుపు, హార్మోనియం గొళ్లెం నలుపు. ఆఖరికి మా చర్చి గంటను గుడ వదల్లే.

"ఎందుకన్నా గిట్ల?" అంటే, "మెరిస్తే పదిమంది కండ్లు పడతయ్ జానమ్మా" అనేటోడు.

ఆండాలు వదిన మాత్రం చింతపండుతోని తోమిన తన బిందెల దగ్గరకు మొగుణ్ని రానిచ్చేది కాదు. "ముట్టినవో, ఆ మందునీళ్లు నీతోనే తాగిస్త!"

పెండ్లిళ్లకు కిరాయికిచ్చే ఇత్తడి గంగాళాలే నా బతుకు. అవి పోతే నా పిల్లలకు గంజి గుడ లేదు. నలభై ఎనిమిదిల, ఆ దోపిడీల గడబిడ రోజుల్ల, వదినకు తాళంచెవి ఇచ్చి మిర్యాలగూడల మా అక్కను చూడపోయిన. వచ్చి తలుపు తీస్తే, ఓ దేవుడా! బంగారం లెక్క ఉన్న గంగాళాలన్నీ బొగ్గులైనయ్!

"నీ చేతులు పడిపోను! వీటిని ఎవడు కిరాయికి తీస్కపోతడు?" అని మొత్తుకున్న.

"తోమితే పోతది. జర ఓపిక పట్టు."

"ఓపికనా! నా కొంప ముంచి ఓపికంటవా?"

నవ్విండు, మహానుభావుడు.

తెల్లారంగనే తుపాకులోళ్లు మా ఇంట్ల పడ్డరు. "పెండ్లి గంగాళాలు ఏవి?" ఒకడు మూలకున్నదాన్ని తన్ని, "ఇనుపసామాను, ఛోడో!" అని ఇడిచిపెట్టిండు. పక్కింట్ల ఆండాలు వదిన బిందెలు తళతళ మెరుస్తుండె. అన్నీ ఎత్తుకపోయిండ్రు.

నేను బుచ్చయ్యన్న దగ్గరికి ఉరికిన. "అన్నా, నీకు ముందే తెలుసా?"

"తుపాకులు నా దగ్గరనే బాగుచేయించుకుంటూ నీ గంగాళాల ముచ్చట చెప్పుకున్నరు."

"నాకు చెప్పొద్దా?"

"నీకు చెప్తే కోదాడ దాక వినపడేటట్టు మొత్తుకోవా?"

"మరి మీ బిందెలు?"

"నా ఇంట్ల గుడ నల్లగుంటే, ఇది నా మందేనని పసిగట్టరా?"

ఆండాలు వదిన ఆయన దిక్కు చూసింది. తిట్టలేదు. అదే నాకు అన్నిటికంటే పెద్ద ఆశ్చర్యం!

గంగాళాలన్నీ తోమి, మంచి ఇత్తడి బిందె ఒకటి కొని వదిన చేతిల పెట్టిన. ఎండకు ధగధగ మెరిసింది. బుచ్చయ్యన్న దాన్ని చూసిండు. మెల్లగ కుంచె మీదికి చెయ్యి పోనిచ్చిండు.

నేను, వదిన ఒక్కసారే చీపుర్లు అందుకున్నం.