ఆరు రోజులు కుడిచెయ్యి, ఆదివారం ఎడమచెయ్యి

నాది చావి తిప్పే గడియారం. పొద్దున టీకి ముందు ముప్పై మలుపులు తిప్పుతాను, లెక్క తప్పదు. ఎడమచేతికి, డయల్ మణికట్టు లోపలి వైపు ఉండేలా కట్టుకుంటాను. మిషన్ మీద జాకెట్టు కుడుతూనే టైం కనబడుతుంది, గాజులకు తగలదు. మొదటి సంపాదనతో కొన్నది. ఇన్నేళ్లలో నా ఒంటి మీది నుంచి అది దిగేది స్నానానికీ నిద్రకూ మాత్రమే.

ఈ మధ్య వెనకబడుతోందని దిల్‌సుఖ్‌నగర్‌లో గడియారాలు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకుపోయాను. కోస్తా మనిషి.

"దీనికి వయసైపోయిందండి. రోజుకి అర నిమిషం వెనక. పార్టులు దొరకవు. లోపల బ్యాటరీ మిషన్ వేసేద్దాం, ఇక చావి తిప్పే పనే ఉండదు."

నాకు కావాల్సిందే ఆ పని. బ్యాటరీ వేశాక అది నా గడియారమే కాదు.

"అర నిమిషం కాదు, ఇరవై నాలుగు సెకన్లు. రాసుకున్న," అన్నాను. "జర ఆగుండ్రి. తెరవకుండనే సరిచేస్త. వారానికి అర నిమిషం తేడా దాటితే అప్పుడు మీ ఇష్టం."

"తెరవకుండా ఎలాగండీ? మంత్రమేస్తారా?"

"లెక్కేస్త."

ఇంటికొచ్చి కాగితం తీశాను. పగలు చేతికి ఉన్నప్పుడు పద్దెనిమిది సెకన్లు పోతున్నాయి, రాత్రి బల్ల మీద వెల్లకిలా పెడితే ఆరు. మరి పడుకునే తీరు మారిస్తే? ఆ రాత్రి చావి పైకి ఉండేలా దారాల డబ్బాకు ఆనించి నిలబెట్టాను. పొద్దున ఫోన్‌తో పోల్చి ఎగిరి గంతేశాను. ఎనిమిది సెకన్లు ముందుకు పోయింది!

అయితే పగటికీ అదే సూత్రం. చెయ్యి కిందికి వేలాడితే, ఎడమచేతికి ఉన్న గడియారం చావి నేల చూస్తుంది. కుడిచేతికి కడితే ఆకాశం చూస్తుంది. కట్టి చూశాను. పగలు పోయింది ఆరే సెకన్లు. రాత్రి ఎనిమిది వస్తే రోజుకు రెండు సెకన్లు ముందు. వారానికి పద్నాలుగు. గెలిచినట్టే!

కత్తెర పట్టిన ప్రతిసారీ బెల్టు గుచ్చుకునేది. టైం కోసం ఖాళీ ఎడమచెయ్యి చూసుకుంటుంటే మా ఆయన నవ్వాడు.

"ఏందే, గడియారం నీ మాట ఇంటుందా, నువ్వే గడియారం మాట ఇంటున్నవా?"

వారం లెక్క మొదలుపెట్టడానికి శనివారం మధ్యాహ్నం గడియారాలాయన దుకాణానికి పోయి, ఆయన ముందే సెకన్ల ముల్లును ఫోన్‌తో కలిపాను. మర్నాడే తప్పు చేశాను. చర్చికి తయారయ్యే తొందరలో పాత అలవాటుగా ఎడమచేతికి కట్టేశాను. రెండో పాటకు చప్పట్లు కొడుతుంటే కనబడింది. వెంటనే కుడిచేతికి మార్చబోయి ఆగాను. ఎడమచేతి పగలు పద్దెనిమిది పోతాయి, రాత్రి ఎనిమిది వస్తాయి. అంటే ఆదివారం పది వెనక. మిగతా ఆరు రోజులూ రోజుకు రెండు చొప్పున పన్నెండు ముందు. పన్నెండులో పది పోతే రెండు!

వారమంతా కలిపి రెండే సెకన్లు! తప్పు చేయకపోతే పద్నాలుగు ఉండేది. ప్రసంగం సగం చెవికెక్కలేదు, దేవుడు మన్నించాలి. ఇంటికి రాగానే మా ఆయన అడిగాడు.

"చెయ్యి మార్చుకోవా?"

"రాత్రి దాక ముట్టుకోను. నువ్వూ ముట్టకు!"

మిగతా వారం ముళ్ల మీద గడిపాను. శనివారం ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి, దిల్‌సుఖ్‌నగర్ దాకా మణికట్టు మీది నుంచి చూపు తిప్పలేదు. దుకాణంలో ఆయన నా ఫోన్ నమ్మక తన ఫోన్ తీశాడు. దాన్నీ గడియారాన్నీ పక్కపక్కన పెట్టి ముల్లు పన్నెండు దాటేదాకా చూశాడు. మళ్లీ ఇంకో నిమిషం చూశాడు.

"రెండు సెకన్లు ముందుందండి."

"చెప్పిన కదా!" నా గొంతు బస్టాపు దాకా వినబడి ఉంటుంది.

ఆయన స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, గడియారం తెరవకుండానే నా చేతిలో పెట్టాడు. తర్వాత తన మణికట్టు చూసుకున్నాడు.

"నాది రోజుకి పదిహేను వెనకండీ."

"రాత్రి ఎట్ల పెడతరు?"

"ఏమో, ఎప్పుడూ చూసుకోలేదు."

"చూసుకోకపోతే ఎట్ల?" అని సంచిలోంచి ఒక తెల్లకాగితం తీసి ఆయన ముందు పెట్టాను. "ఇయ్యాల్టి సంది రాయుండ్రి."