నీడపట్టున రెడ్డెమ్మక్క

మేడమీద ఆరిన బట్టలు తీసి భుజాన వేసుకున్నప్పుడల్లా, వాటిలోని ఎండ వాసనకు నాకు రెడ్డెమ్మక్క గుర్తొస్తుంది. కుప్పంలో రైలెక్కి బెంగళూరు బట్టల ఫ్యాక్టరీకి వెళ్ళే ఆడవాళ్ళలో ఆమె మా అందరికంటే పెద్దది. నాకు కాలర్ కుట్టడం నేర్పింది ఆమే. కుట్టు వంకరపోతే నిర్దాక్షిణ్యంగా విప్పించేది. నేను ఏడుపు ముఖం పెడితే తన డబ్బాలోంచి ఒక ముద్ద తీసి పెట్టేది. ఇవాళ నేను లైన్ సూపర్‌వైజర్‌నయ్యానంటే ఆ విప్పిన కుట్ల పుణ్యమే.

ఆమె పుట్టింది మదనపల్లె అవతల, పెద్దమండ్యం దగ్గర ఒక మెట్ట ఊళ్ళో. నెత్తిన కొంగు తప్ప వేరే నీడ ఎరగకుండా వేరుశెనగ చేలల్లో కూలి చేస్తూ పెరిగింది. పెళ్ళయి కుప్పం వచ్చి, భర్త పోయాక కుట్టుమిషన్ ముందు కూర్చున్ననాడు తన బతుకు ఒడ్డున పడిందనుకుంది. నీడపట్టు పని అంటే ఆమెకు అంత గొప్ప. మధ్యాహ్నం అన్నాలకు మేము ఫ్యాక్టరీ మేడమీదికి బయలుదేరితే అడ్డం పడేది.

"యాడికి పోతాండారు? ఎండలో నల్లగా మాడిపోతే మీకు సంబంధాలు యాడ దొరకతాయి? ఈడ కూసోండి," అనేది.

ఫ్యాన్ కింద చోటు నాకోసం పట్టి ఉంచి, తాను అద్దాల కిటికీ పక్కన సర్దుకునేది. తెల్లవారకముందే రైలెక్కి, దీపాలు పెట్టాక దిగేవాళ్ళం. ఆదివారమంతా ఇంటి చాకిరీకే సరిపోయేది. ఎండ మాకు అద్దం అవతల కనిపించేదే తప్ప ఒంటికి తగిలేది కాదు. అది లోటని ఎవరికీ తోచలేదు, అదృష్టమనే అనుకున్నాం.

కొన్నేళ్ళకు అక్కకు నడుమూ తొడలూ పీకడం మొదలైంది. రైలెక్కాలంటే నా చెయ్యి కావలసివచ్చేది. వయసు వల్ల అని తానే కొట్టిపారేసేది, మేమూ నమ్మాం. చేతిలో వేగం తగ్గిందని పైవాళ్ళు హెచ్చరించాక మాత్రం ఆమెకు దిగులు పట్టుకుంది.

"ఈ పని పోతే మళ్ళా సేనికే పోవాల పాపా. ఆ ఎండ నావల్ల కాదు," అంది ఒకరోజు రైల్లో, నా భుజంమీద తల ఆన్చి.

తర్వాత కొద్దిరోజులకే స్టేషన్ మెట్లమీద తూలి పడింది. తుంటి విరిగింది. ఆస్పత్రిలో పరీక్షలన్నీ చూసిన డాక్టరమ్మ, విటమిన్ డి బాగా తక్కువుందని, ఎముకలు, కండలు నీరసించాయని చెప్పింది. అంత నొప్పిలోనూ అక్క నవ్వింది.

"అది ఎండలో వచ్చేదే గదమ్మా? మా సీమలో ఎండకి కరువా?"

"ఊర్లో ఉంటే సరిపోదమ్మా, ఒంటికి తగలాల. అద్దంలోంచి వచ్చేది పనికిరాదు. మనట్లా నల్లటి ఒంటికి ఇంకా ఎక్కువసేపు కావాల. వయసు మీదపడేకొద్దీ ఒళ్ళు ఆ విటమిన్ని తయారుచేసుకునేదీ తగ్గతాది," అంది డాక్టరమ్మ. తిండిలో దొరికేది కొంచెమేనని చెప్పి మందులు రాసింది.

ఆమె వెళ్ళాక అక్క తన చీర కొంగును వేళ్ళతో తడిమింది. "మనకంటే మన చీరలే నయం పాపా. దినామూ ఎండ సూస్తాండాయి," అంది.

మందులతో నొప్పులు తగ్గాయి. కాని ఆమె లేచి నడిచేసరికి ఆ మిషన్ దగ్గర ఇంకొకరు కూర్చున్నారు. అక్క సామాను సర్దుకుని తమ్ముడి ఇంటికి, పెద్దమండ్యం వెళ్ళిపోయింది. ప్రాణం పెట్టి మాకు ఇచ్చిన నీడే ఆమెను తినేసిందన్న బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆ డాక్టరమ్మ మాట నాలుగేళ్ళ ముందు ఎవరైనా మా చెవిన వేసి ఉంటే ఎంత బాగుండేది.

మొన్న పుంగనూరులో బస్సు మారి చూడబోయాను. పొద్దు నడినెత్తికి వస్తోంది. వాకిట్లో మంచంమీద, రవిక చేతులు పైకి మడిచి కూర్చుని ఉంది. పక్కన చేతికర్ర. నన్ను చూడగానే ముఖం చిట్లించింది.

"నల్లబడినావే పాపా."

"మేడమీద తింటాండానక్కా. మా లైన్లో పిల్లోళ్ళని గూడా తీసకపోతాండా."

ఆమె కర్ర ఊతంతో మెల్లగా జరిగి, చూరు నీడ పడని వైపు నాకు చోటిచ్చింది. "ఈడ కూసో. ఈడ బాగా తగలతాది," అంది.

రోజూ మేడ తలుపు తీసేటప్పుడు, అమ్మాయిలు చున్నీలు ముఖానికి చుట్టుకుంటుంటే, ఎండలో మాడిపోతారన్న ఆమె పాత మాటే నా నోటికి ముందు వస్తుంది. దాన్ని మింగేసి, పక్కకు జరిగి, మొన్న వాకిట్లో ఆమె నాతో అన్న మాట చెబుతాను.