గోతం చూసి కొట్టిన దెబ్బ

మిర్చి యార్డులో పానకాలుకి ఒక పేరుంది. పక్కవాడి బస్తా అయినా సరే, చెయ్యి దూర్చి గుప్పెడు కాయలు లాగి, ఒకటి విరిచి గింజ చూస్తే గానీ నోరు విప్పడు. "గోతానిదేముందిరా, అది చొక్కా. లోపలి మనిషిని చూడాలి," అంటాడు. వినుకొండ పక్క పల్లెలో కౌలు చేలో చేతులు మండించుకుని నేర్చుకున్న విద్య అది.

దేశాల సంగతి మాత్రం చేలో ఏముందో చూసుకుని తేల్చేవాడు. బంగ్లాదేశ్ బేరగాళ్లు మిరపకు ఎగబడిన ఏడు, "అసలు సరిహద్దులెందుకు? పక్కోడి కూరలో కారం పడితేనే మన పొయ్యి వెలిగేది," అని టీ బంకు దగ్గర వాదించాడు. మరుసటేడు పత్తి వేశాడు. బయటి దేశాల పత్తి దిగి ధర కూలేసరికి, "గేట్లు మూసెయ్యాలి! ఇంట్లో పస్తులుంటే వీధికి విందేంటి?" అని అదే బంకులో బల్ల గుద్దాడు.

"నీ దేశభక్తి ఏ పంట వేస్తే ఆ రంగు, మావా," అనేది భార్య కోటేశ్వరి.

ఈ ఏడు మళ్లీ మిరప. ధర లేక పంటంతా గుంటూరు దగ్గర కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు. అది అమ్ముడైతే కౌలు నిలుస్తుంది. లేకపోతే కూలికి పోవాలి. ఇంతలో పరాయి దేశాల మిరప దిగుతోందని ఫోన్లలో పుకారు పుట్టింది.

ఆ మధ్యాహ్నం స్టోరేజీ గేటు దగ్గర రైతులు మూగి ఉండగా లారీ ఒకటి వచ్చి ఆగింది. గోతాల మీద ఎవరికీ చదవరాని అక్షరాలు.

"దిగిందిరోయ్ పరాయి సరుకు!" అని అరిచాడు పానకాలు.

డ్రైవర్ మాబు చేతులూపుతూ కిందికి దూకాడు. "అన్నా, ఇది మన కాయే! బంగ్లాదేశ్ తోలా. అక్కడ గొడవలై బోర్డర్ మూస్తే తిప్పుకొచ్చా."

"కథలు చెప్పకు. ఆ రాత మనదా?"

"వాళ్లకి పోయే సరుకు మీద వాళ్ల రాత కాక నీ తాత పేరుంటదా?"

పానకాలుకి ఒళ్లు తెలియలేదు. పక్కనున్న హమాలీ చేతిలోంచి బస్తాలెత్తే ఇనప కొక్కెం లాక్కుని విసురుగా కొట్టాడు. అది మాబు ఎడమ కంటి కింద దిగి పైకి చీరింది. మాబు ముఖం రెండు చేతులతో పట్టుకుని చక్రం పక్కన కూలిపోయాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారింది. జనం అతన్ని కాళ్లతో తన్నారు. పానకాలు అదే కొక్కెంతో అందిన గోతాన్నల్లా చీల్చాడు. ఎవరో బైకులోంచి పెట్రోలు తీసి లారీ మీద చల్లి అంటించారు.

పుట్టినప్పటి నుంచీ మిరపకాయ చూసిన వాళ్లు గాలి ఎటుందో చూసుకోలేదు. పొగ తిరిగి వాళ్ల మీదే పడింది. కొట్టినవాళ్లు గొంతులు పట్టుకుని, కక్కుకుంటూ, పడినవాళ్లను తొక్కుకుంటూ పారిపోయారు. కళ్లు కనబడక పానకాలు చీరిన గోతాల మధ్య బోర్లా పడ్డాడు. చేతికి కాయ తగిలింది. అలవాటు కొద్దీ వేళ్లు దాన్ని విరిచాయి. సన్నటి కాయ, పలచని తోలు, నిండా గింజ. తేజ రకం. తన స్టోరేజీ బస్తాల్లో ఉన్నదీ అదే.

మూలుగు వినబడిన వైపు పాకాడు. మాబు కాలర్ దొరకపుచ్చుకుని ఈడ్చాడు. మండుతున్న బస్తా ఒకటి జారి పానకాలు కుడిచేతి మీద పడింది. చెయ్యి కాలుతున్నా కాలర్ వదల్లేదు.

ఆసుపత్రిలో ఇద్దరివీ పక్క పక్క మంచాలు. మాబుకి ఎడమ కన్ను పోయింది. పానకాలు కుడిచేతికి రెండు వేళ్లు తీసేశారు. అతని మంచం దగ్గర కానిస్టేబుల్ కాపలా.

"తమ్ముడూ..." అన్నాడు పానకాలు.

"తమ్ముడనకు." మాబు గోడవైపు తిరిగాడు. "బోర్డర్ తెరిచారంట. నీ కాయ ఎవరు తోల్తారో చూసుకో. నేను తోలను."

కోటేశ్వరి మంచినీళ్లు పట్టింది. పానకాలు రెండు గుటకలు మింగాడు. "వెళ్లి అమ్మేసి రా. శాంపిలు నువ్వే తియ్యి."

"ఎవరికమ్మను?"

"ఎవరు కొంటే వాళ్లకి."

"ఇప్పుడు గోతం మీద రాత చూడవా?" అన్నాడు మాబు, గోడవైపు నుంచే.

కానిస్టేబుల్ ఒక్కడే నవ్వాడు.