పాప కార్డు మీద పెద్దల నవలలు

“మీ పాపకి ఎన్నేళ్లు తమ్ముడూ?”

“తొమ్మిది అక్కా.”

“తొమ్మిదేళ్ల పిల్ల మూడేళ్లలో ముప్పై ఆరు నవలలు నమిలేసింది. ఒక్కోటీ ఇటుకంత. అంటే ఆరేళ్లకే మొదలెట్టిందన్నమాట. పిల్ల కాదు, పిడుగు!”

నేను తల వంచుకున్నాను. ఆ ముప్పై ఆరూ చదివింది నేనేనని అక్కకి తెలుసు. ఏరి ఇచ్చింది ఆవిడే.

అక్క ఈ లైబ్రరీలో అటెండరు. వెనక గదిలో స్టూలు మీద కూర్చుని, చిరిగిన పుస్తకాలకి గుడ్డపట్టీ అంటించి, దబ్బనంతో కుడుతుంది. వేళ్ల సందుల్లో ఎప్పుడూ ఎండిన జిగురు. కిటికీ పక్కనున్న ర్యాకు, అంటే మంత్రాలు, మాయలు, లేని లోకాల నవలల ర్యాకు, పేరుకి లైబ్రరీది. నిజానికి అక్కది. అందుకే ఆవిడకి డ్రాగనక్క అని పేరు పడింది.

అక్క చదువు తొమ్మిదో తరగతితో ఆగింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మొదటి ఎనభై పేజీలు ఊడిపోయిన నవల ఒకటి చేతికిచ్చి పారేయమన్నారట. పారేసే ముందు ఎనభై ఒకటో పేజీ చూసింది. అందులో ఒక మంత్రగత్తె మోకాళ్ల నొప్పితో మెట్లెక్కుతోంది. “మా అమ్మ ఎక్కినట్టే ఎక్కుతోంది, మెట్టుకో తిట్టు తిడుతూ. ఇంకెలా పారేస్తాను? ఆ కథ ఎలా మొదలైందో నాకిప్పటికీ తెలీదు.”

పుస్తకం ఇవ్వడంలో అక్క పద్ధతే వేరు. ఏం కావాలని అడగదు, ఎలా ఉన్నారని అడుగుతుంది. రోజంతా రోగుల మూలుగులు విని వచ్చిన నర్సుకి, ఇతరుల నొప్పిని కుండల్లో దాచే వైద్యుడి కథ ఇచ్చింది. భార్య పోయిన లెక్కల మాస్టారికి, మంత్రం వేసినప్పుడల్లా ఒక జ్ఞాపకం పోగొట్టుకునే మాంత్రికుడి కథ. మాస్టారు దాన్ని నాలుగుసార్లు తీసుకెళ్లారు.

“రెక్కల గుర్రం కనిపిస్తే చాలు, పిల్లల పుస్తకం అనేస్తారు. గుర్రం మీద కూర్చున్నవాడి బాధలు చూడరేం? వాడికి తోడబుట్టినవాళ్లతో తగాదా, పెళ్లాంతో మాటల్లేవు, నెత్తిన నెరిసిన జుట్టు. ఇవి పిల్లలకేం అర్థమవుతాయి?”

“మరి ఇవాళ పాప వయసు ఎందుకక్కా?”

అక్క దబ్బనం పక్కన పెట్టింది.

“మన లైబ్రేరియన్ పెద్దసారు లెక్క తీశారు. మూడేళ్లలో ఈ ర్యాకులోంచి పెద్దల కార్డుల మీద వెళ్లినవి నాలుగే నాలుగు. ‘పెద్దవాళ్లెవరూ చదవట్లేదు, పిల్లలకివి తగవు, శుక్రవారం తీసేద్దాం’ అన్నారు. తీసేయడమంటే పాత కాగితాల తూకానికే.”

నేను ర్యాకు వైపు చూశాను. నాకు తెలిసినవాళ్లే పదిమంది ఉన్నారు ఆ ర్యాకు చుట్టూ తిరిగేవాళ్లు.

“అరవై మంది,” అంది అక్క, నా మనసు చదివినట్టు. “అందరూ మనవడి కార్డు మీదో, కూతురి కార్డు మీదో. ఆ గొయ్యి తవ్వింది నేనే. మొట్టమొదట మాస్టారు సిగ్గుపడుతూ నిలబడితే, ‘మనవడి కార్డు మీద తీసుకెళ్లండి, ఎవరడుగుతారు’ అన్నాను. ఆ మాట ఊరంతా పాకింది. పైగా పరువు పోకుండా, బొమ్మలు కనబడకుండా, అందరి పుస్తకాలకీ కాగితం అట్టలు కూడా నేనే వేసిచ్చాను.”

“సారుకి ఉన్నమాట చెప్పేయొచ్చుగా?”

“ఎవరెవరని అడుగుతారు. చెప్పమంటావా? నన్ను నమ్మి వచ్చారయ్యా వాళ్లు. నీ పేరే మొదట చెప్పనా?”

“వద్దక్కా!”

“చూశావా!” అని నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. “నిన్న మీ పాప వచ్చింది. కప్పల గురించి పుస్తకం కావాలంది. కార్డుకి రెండే పుస్తకాలు, ఆ రెండూ నీ దగ్గరున్నాయి, అందుకని ఇవ్వలేదు. ‘నేనేం తీసుకోలేదు కదా అత్తా’ అని నా మొహంలోకి చూసింది. అప్పుడు నాకు తల కొట్టేసినట్టయింది.”

నేను సంచిలోంచి రెండు నవలలూ తీసి బల్ల మీద పెట్టాను. అక్క వాటి కాగితపు అట్టలు విప్పి, ఉండ చుట్టి బుట్టలో పడేసింది. మొదటిదాని మీద రెక్కలు చాచిన డ్రాగన్ బయటపడింది.

“రెండోది పూర్తవలేదక్కా,” అన్నాను మెల్లగా. “ఇంకా నూటపది పేజీలున్నాయి.”

“పూర్తి చెయ్యి, నీ కార్డు మీద. ఇంటికెళ్లి ఆ కార్డు వెతుకు, దొరక్కపోతే ఫొటో పట్రా, కొత్తది రాయిస్తాను. దారిలో మాస్టారింట్లో ఓ మాట చెప్పు. అక్క తప్పు చేసింది, గురువారంలోగా మీ సొంత కార్డు మీద పుస్తకం తీసుకుని మీరు దిద్దాలంట అని చెప్పు. ఆయన వస్తే నర్సమ్మ వస్తుంది, ఆవిడ వస్తే మిగతావాళ్లకీ ధైర్యం వస్తుంది. ఆగాగు, ఈ కప్పల పుస్తకం తీసుకెళ్లు. మీ పాపకి నీ చేత్తో ఇవ్వు. దాని కార్డు మీదే రాశాను.”