ఇద్దరం కూర్చుంటేనే మూలిగే బండి

పోయిన శనివారం సాయంత్రం మా మనవరాలు తన కరెంటు స్కూటరు మీద నన్ను ఉప్పల్ గుడికి తీసుకెళ్ళింది. ఘట్‌కేసర్ దగ్గర ఇంజనీరింగు చదువుతున్న పిల్ల, నడపడంలో నెమ్మది. మెట్రో స్తంభాల నీడలో ఆ బండి ఎంత చప్పుడు లేకుండా సాగిందంటే, అసలు కదిలామా లేదా అని నేను ఒకసారి కిందికి తొంగి చూసుకున్నాను. నా వైపు నుంచి ఉలుకూ పలుకూ లేకపోయేసరికి, "నానమ్మా, ఉన్నవా, పడిపోయినవా?" అని అడిగింది. వింటున్నానన్నాను. "ఏం వింటున్నవ్, సౌండే లేదు గదా!" అని నవ్వింది. నిజమే, వినడానికేమీ లేదు. కానీ వెనక సీటు మీద కూర్చోగానే చెవి దానంతట అదే చక్రం వైపు పోవడం నాకు పెళ్ళయిన కొత్తలో పడిన అలవాటు, ఇన్నేళ్ళయినా పోలేదు.

నేను బడికి వెళ్ళినదాన్ని కాను. మా నాన్న రోజూ పొద్దున్నే దీపం పెట్టిన తరవాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించాడు, పద్యం చెప్పించాడు, చదివే ముందు రెండుసార్లు విని తీరాలనేవాడు. ఆ వినడమే నాకు తరవాత ఎన్నో చోట్ల పనికొచ్చింది. ఒక మోటారు సైకిలు దగ్గర కూడా పనికొస్తుందని పాపం ఆయన అనుకుని ఉండడు, అయినా తలచుకున్నప్పుడల్లా మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

పెళ్ళయి నాచారం వచ్చేసరికి మా అత్తవారిది రెండు గదుల ఇల్లు. అత్తమ్మ, మామగారు, బావగారు, తోడికోడలు, వాళ్ళ పిల్లలు, మేము. ఆ రోజుల్లో అలాంటి ఇళ్ళల్లో కాపురాలు చేసినవాళ్ళకు నేను విడమరచి చెప్పక్కరలేదు, మావారితో ఒక మాట చెప్పాలంటే అది ఇంటిల్లిపాది చెవులూ దాటుకుని ఆయన దాకా వెళ్ళాలి. అందుకని శనివారం సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి ఆయన వచ్చాక, ఇద్దరం బండి మీద ఉప్పల్ గుడికి వెళ్ళి రావడమే మా మాటలకు దొరికిన చోటు. ఆయనేమో వెనకనుంచి సైకిళ్ళు కూడా దాటిపోయేంత నెమ్మదిగా నడిపేవారు. నేనేమో ఉప్పల్ అప్పుడే వచ్చేస్తుందేమోనని బెంగపడేదాన్ని. గుడికి వెళ్తూ గుడి దగ్గర పడకూడదనుకోవడం తప్పే గాని, స్వామికి కూడా ఇద్దరు దేవేరులున్నారు కదా, అర్థం చేసుకునే ఉంటాడు.

అలా హాయిగా సాగుతుండగా బండి వెనకనుంచి చప్పుడు మొదలయింది. ముందు పిల్లి గుర్రుమన్నట్టు, తరవాత పిండిమర తిరిగినట్టు. నేను చెప్పేది ఆయనకు వినపడదు, ఆయన చెప్పేది గాలికి పోతుంది. ఒకరోజు మల్లెపూలు కొనమని చెవిలో అరిస్తే, ఆయన సరేనని తల ఊపి బండిని మల్లాపూర్ వైపు తిప్పేశారు. అక్కడెవరున్నారని నేను, నువ్వే కదా పొమ్మన్నావని ఆయన, రోడ్డు పక్కన ఆపుకుని నవ్వలేక చచ్చాం.

నవ్వు అక్కడితో ఆగిపోయింది. ఎందుకంటే, ఆయన ఒక్కరే డ్యూటీకి వెళ్తే బండి కిమ్మనేది కాదు. బావగారు అంబర్‌పేట్ దాకా వెళ్ళొచ్చి, "మస్తుగుంది బండి, ఏం లొల్లి లేదు" అన్నారు. చప్పుడల్లా నేను ఎక్కినప్పుడే. నేనప్పుడు ఈనెపుల్లలా ఉండేదాన్ని, అయినా మా తోడికోడలు నల్లా దగ్గర నలుగురిలో, "చెల్లే, నువ్వెక్కంగనే బండి మూల్గుతుందట, ఏం తింటున్నవే మాకు తెల్వకుండ?" అని ఆట పట్టించేది. ఆవిడది వట్టి వేళాకోళమే. కానీ మా అత్తమ్మకు అది మనసులో నాటుకుంది. హ్యాండిలుకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టారు, నాకూ బండికీ కలిపి దిష్టి తీశారు. ఏం చేసినా మూలుగు తగ్గలేదు. చివరికి ఒక శుక్రవారం నా తల నిమురుతూ, "బండి ఇరిగితే వాని డ్యూటీ ఆగుతది బిడ్డా. ఇగ సంది గుడికి నాతోని బస్సుల రా" అన్నారు. కోపంతో అన్నమాట కాదు, అందుకే ఎదురు చెప్పలేకపోయాను. సరే అత్తమ్మా అన్నాను గాని, ఆ రాత్రి దేవుడి ముందు కూర్చుంటే నోట్లోంచి స్తోత్రం రాలేదు. స్వామీ, ఆ ఒక్క చప్పుడు ఆపు తండ్రీ, అని మాత్రమే అడిగాను.

ఇక మావారి వైద్యం ఒకటుంది. చప్పుడు వచ్చిందంటే చైను వదులైందని ఆయన నమ్మకం. సెలవు దొరికినప్పుడల్లా బండిని స్టాండు ఎక్కించి, వెనక నట్టు విప్పి, చైను ఇంకాస్త బిగించేవారు. బిగించినకొద్దీ మూలుగు పెరిగేది. పెరిగినకొద్దీ ఆయన బిగించేవారు.

ఆ ఆదివారం పొద్దున, బండి బాగుచేయించాలా అమ్మేయాలా తేల్చుకుందామని అత్తమ్మ మమ్మల్నిద్దర్నీ వెంటబెట్టుకుని తమ్ముడి షెడ్డుకు బయలుదేరారు. నాచారం చౌరస్తా దగ్గర బండ్లు బాగుచేసే షెడ్డు ఆయనది. మావారికి మేనమామ, నాకు మామయ్య వరస. ఆయన చేతిలో పానా, నోట్లో మాట రెండూ ఊరికే ఉండవు. ముందు ఒక్కడే నడిపి చూసి వచ్చి, "అక్కా, నీ కొడుకు కంటె మంచిగుంది బండి" అన్నాడు. స్టాండు ఎక్కించి చక్రం తిప్పాడు, చప్పుడు లేదు. పక్కలకు ఊపి చూశాడు, ఊగలేదు. చీరలు చిక్కుకోకుండా చైను చుట్టూ రేకు డబ్బా ఉండేది గుర్తుందా, దాని కింద రబ్బరు బిరడా తీసి, లోపలికి వేలు పెట్టి చైనును నొక్కి చూశాడు. జర బిగువుంది గాని నడుస్తుందన్నాడు. ఏమీ దొరక్కపోయేసరికి అత్తమ్మ ముఖం చిన్నబోయింది. బండిలో తప్పు లేదంటే ఇంక తప్పు ఎవరిదవుతుంది?

నేను అత్తమ్మ చెవిలో మెల్లగా చెప్పాను, అది నేను కూర్చున్నప్పుడే కదా మూలిగేది, నేను కూర్చున్నాకే చూడమనండి అని. షెడ్డు నిండా మగవాళ్ళు, కొత్తకోడలు బండెక్కి కూర్చోవడమేమిటని ఆవిడ అంటారనుకున్నాను. ఆవిడ కొంగు నడుముకు దోపి, "ఎక్కు బిడ్డా, ఎవలేమంటరో నేను జూస్త" అన్నారు.

స్టాండు తీసి మావారు ముందు కూర్చున్నారు, వెనక నేను. మామయ్య నేల మీద కూలబడి మళ్ళీ ఆ బిరడా తీసిన కంతలోంచి వేలు పెట్టాడు, వెంటనే అరిచినంత పని చేశాడు.

"అరె, గిదేంది! తంబూర తీగె లెక్కయింది! ఎవడు బిగిచ్చిండ్రా దీన్ని?"

మావారు మెడ వంచుకుని, "నేనే మామా" అన్నారు.

"ఎందుకు బిగిచ్చినవ్?"

ఆయన అటు తిరిగి చెప్పారు: "పెండ్లయినంక అమ్మ అన్నది గదా, ఎనక పిల్ల కూసుంటది, చైను వదులుంటె ఊడిపోయి పడతరు, గట్టిగ బెట్టుమని."

మామయ్య అక్కనొకసారి, మేనల్లుణ్ణొకసారి చూసి పగలబడి నవ్వాడు. బరువు పడి వెనక భాగం దిగితే చైను ఇంకా సాగుతుందనీ, ఖాళీ బండి స్టాండు మీద ఉన్నప్పుడు సరిపోయిన బిగువు ఇద్దరెక్కితే సరిపోదనీ చెప్పి, "ఒక్కనివే ఉన్నప్పటి లెక్కలనే ఉన్నవ్ రా నువ్వింక. ఇప్పుడు ఇద్దరైన్రు. ఇద్దర్ని కూసోబెట్టి చూసుకోవాలె, జర వదులిడ్వాలె" అన్నాడు. షెడ్డులో అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది మా అత్తమ్మే.

ఆ బిగువుకు చక్రంలో బేరింగు కూడా కాస్త అరిగిందట, దాన్ని మార్చాడు. చక్రం వంకర పోకుండా ఇరుసు దగ్గర రెండువైపులా ఉన్న గీతలు సరిచూసుకుంటూ చైను వదులు చేసి, నూనె పోసి, మళ్ళీ మమ్మల్ని కూర్చోబెట్టి వేలుతో చూసుకున్నాకే నట్టు బిగించాడు. నడిపి చూడటానికి నేను ఎక్కబోతుంటే అత్తమ్మ అడ్డం వచ్చి, "ఆగు, ముందు నేను జూస్త, నీకంటె నేనే బరువు" అని తానే ఎక్కి కూర్చున్నారు. వీధి చివరిదాకా వెళ్ళి వచ్చి దిగుతూ, "సప్పుడు లేదు, ఏం లేదు. శనివారం మీరే పోన్రి. నాకు బస్సే మంచిది" అన్నారు. ఇంటికి రాగానే హ్యాండిలుకున్న నిమ్మకాయ తీసేసి, దిష్టి నీది కాదు బిడ్డా, నా మాటది అన్నారు. అంత పెద్దావిడ నాకా మాట చెప్పనవసరం లేదు. చెప్పారు. ఆ రుణం నేను తీర్చుకోలేదు.

మొన్న శనివారం గుడినుంచి వచ్చేసరికి మావారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. మనవరాలు దిగబోతుంటే, "దిగకు, ఇద్దరు గట్లనే కూసోన్రి" అని, మోకాళ్ళ నొప్పితోనే మెల్లగా వంగి, వెనక చక్రం పక్కన వేలు పెట్టి వెతికారు. "చైనేది?" అన్నారు. "చైనుండది తాతా, మోటరు చక్రంలనే ఉంటది" అంది పిల్ల. మంచిదే, బిగించే పని లేదు, మూలిగేది లేదు, ఎవరి చీరా చిక్కుకోదు. దేవుడి దయ, పిల్లలు సుఖంగా తిరుగుతున్నారు. కాకపోతే ఆ బండికి వెనక ఒకరు ఎక్కినా దిగినా ఒకటే. మావారు పైకి లేచి, ఏ మసీ అంటని ఆ వేలును అలవాటు కొద్దీ లుంగీకి తుడుచుకుని, ఇంక ఏం చేయాలో తోచనట్టు నా వైపు చూశారు. నేను చెయ్యి చాస్తే పట్టుకుని బండి దింపారు.